బస్సు దిగిన తర్వాత



మా పద్మనాభం మండలం ఉన్నది విశాఖపట్నం జిల్లాలో. మాకు దగ్గర మాత్రం విజయనగరం. కొండ మీద అనంత పద్మనాభస్వామి, కొండ కింద కుంతీమాధవస్వామి, పక్కనుంచి పారే గోస్తనీ నది. 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి నేలకొరిగింది ఇక్కడే. అల్లూరి సీతారామరాజు పుట్టిన పాండ్రంగి మా మండలంలోదే. మా ఊరి గురించి ఎవరు మాట్లాడినా ఈ సంగతులే చెబుతారు. నేను ఇవాళ చెప్పదలచింది మాత్రం ఇప్పటి పిల్లల సంగతి. తెల్లారకుండానే లేచి, తగరపువలసకో ఆనందపురానికో చేరి, హైవే మీద బస్సు పట్టుకుని మధురవాడ, ఎండాడ, ఎంవీపీ కాలనీ వైపు చదువులకీ ఉద్యోగాలకీ వెళ్తున్న పిల్లలు. రోజూ తిరగలేక పట్నంలోనే హాస్టల్లోనో, నలుగురు కలిసి తీసుకున్న గదిలోనో ఉంటూ శనివారం రాత్రికి ఇంటికొచ్చే పిల్లలు. ఫోన్‌తో తాళం తీసి, పని అయ్యాక అక్కడే వదిలేసే అద్దె బ్యాటరీ స్కూటర్ల గురించి వీళ్లు ఏమనుకుంటున్నారన్నది నా విషయం.

ముందు దారి సంగతి చెప్పాలి. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లతో సహా, ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. ఆ రోజు నుంచి మా ఆడపిల్లల ప్రయాణం ఖర్చు లెక్కే మారిపోయింది. పెద్ద దూరానికి డబ్బులు అక్కర్లేదు, చిన్న దూరానికే డబ్బులు. ఎండాడ జంక్షన్‌లో దిగితే గీతం విశ్వవిద్యాలయం వైపు, రుషికొండ వైపు ఇంకా పోవాలి. మధురవాడ కార్‌షెడ్ జంక్షన్‌లో దిగితే ఐటీ కొండల మీదకి ఎక్కాలి. నడిస్తే ఎండ, ఆలస్యం. ఆటో అయితే నిండేదాకా కదలదు. ఊరి నుంచి పట్నం దాకా ఊరికే వచ్చిన పిల్ల, బస్సు దిగాక ఆటోకి పదో ఇరవయ్యో పెట్టాలి, సాయంత్రం మళ్లీ పెట్టాలి. అద్దె స్కూటరు అవసరం పుట్టేది సరిగ్గా అక్కడ, బస్సు దిగిన తర్వాత.

మన కుర్రకారుకి సొంత బండి మీదే మోజు, పదిమంది ఎక్కిన బండి ముట్టుకోరు అని పెద్దలు చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. విశాఖ కుర్రకారు ఇప్పటికే అన్నీ పంచుకునే బతుకుతున్నారు. గది పంచుకుంటారు, వంట గ్యాసు పంచుకుంటారు, షేర్ ఆటోలో ముగ్గురు కూర్చోవాల్సిన చోట అయిదుగురు సర్దుకుంటారు. గదిలో ఒకరికి బండి ఉంటే దాని తాళంచెవి గోడకి తగిలించి ఉంటుంది, ఎవరికి పని ఉంటే వాళ్లు తీసుకెళ్తారు, పెట్రోలు పోయించి తెస్తారు. పంచుకోవడం వాళ్లకి కొత్త కాదు, చిన్నతనమూ కాదు. వాళ్లు జంకేది మరో చోట.

ఆ జంకు ఏమిటో అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు గానీ అన్నిటికీ మూలం ఒకటే. తప్పు ఎవరిదైనా డబ్బు తన ఖాతాలోంచే పోతుందని భయం. ముందుగా డిపాజిట్ కట్టించుకుంటారు, అది మళ్లీ చేతికి ఎప్పుడొస్తుందో తెలియదు. బండి మీద పాత గీత ఉంటే, ఆఖరున నడిపినవాడిదే అంటారేమోనని అనుమానం. దిగిపోయి బండి నిలబెట్టాక ఫోన్‌లో సిగ్నల్ లేక ప్రయాణం ముగిసినట్టు చూపించకపోతే, డబ్బులు అలా పడుతూనే ఉంటాయి. బండి సంస్థ తన పటంలో ఒక గీత గీసుకుంటుంది. ఆ గీత దాటితే బండి నెమ్మదిస్తుంది, లేదా జరిమానా పడుతుంది. గీత ఎక్కడుందో రోడ్డు మీద కనపడదు. ఇంజినీరింగ్ చదివే కుర్రాడు ఒకడు నాతో అన్నాడు: "బండి పాడైతే నాను తోసుకెల్తాను మేస్టారూ, అదేటి పెద్ద పనా! డబ్బులు పోతే ఎవుల్ని అడగాలో తెల్దు, అదే బయం." ఎవుల్ని అడగాలో తెల్దు అన్నాడే, అదే నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాటగా తోస్తుంది. ఆటోవాడితో పేచీ వస్తే ఎదురుగా మనిషి ఉన్నాడు, పక్కన నలుగురున్నారు, తెలుగులో వాదించుకోవచ్చు. ఇక్కడ వాదించడానికి మనిషి లేడు, ముందే రాసి పెట్టిన జవాబులు పంపే ఫోను తప్ప. పట్నంలో పుట్టి, నాన్న కార్డు వాడుకునే పిల్లాడికి నూరు రూపాయలు పోవడం చికాకు. నెలకింతని లెక్కపెట్టి పంపే ఇంటి నుంచి వచ్చినవాడికి అది రెండు పూటల భోజనం. ఒకే బండి మీద ఇద్దరి అభిప్రాయం ఒకటిగా ఎలా ఉంటుంది?

ఆడపిల్లల మాట వేరే చెప్పాలి. బైక్ టాక్సీ చవక. కానీ ముఖం తెలియని మగాడి వెనక కూర్చోవడానికి చాలామంది ఇష్టపడరు, ఇంట్లో తెలిస్తే ఒప్పుకోరు. తానే నడుపుకునే స్కూటరు అయితే ఆ ఇబ్బంది లేదు. ఎప్పుడు బయల్దేరాలో, ఏ వీధిలో వెళ్లాలో, ఎక్కడ ఆగకూడదో తన చేతిలో ఉంటుంది. పైగా మన పల్లెల్లో సైకిలు తొక్కడం వచ్చిన ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. కొన్నేళ్ల కిందట బడికొస్తా పథకం కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్లు ఇచ్చింది. అలా హేండిల్ పట్టిన చేతులకి బ్యాటరీ స్కూటరు పెద్ద కష్టం కాదు. వాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు బండి గురించి కావు. బండి నిలిపే చోట దీపం ఉంటుందా, రాత్రి ఎనిమిది దాటాక అక్కడ ఎవరుంటారు, దారిలో బ్యాటరీ అయిపోతే ఎక్కడ ఆగిపోతాను? అద్దె ఎంతో అడగడం కూడా ఆ తర్వాతే.

ఇప్పుడు హైదరాబాదు అనుభవం చూద్దాం. అక్కడ 2017 నవంబరులో మెట్రో రైలు మొదలైంది. స్టేషన్ దిగాక ఆఫీసుకి ఎలా అన్న ప్రశ్న వెంటనే వచ్చింది. వోగో, బౌన్స్ లాంటి బెంగళూరు అద్దె స్కూటర్ల సంస్థలు అక్కడికీ వచ్చాయి. మొదట్లో అవి చాలావరకు పెట్రోలు స్కూటర్లే. ఫోన్ తీసి బండి పట్టుకుని వెళ్లడం కుర్రకారుకి బాగా నచ్చింది. చిక్కులూ వచ్చాయి. బెంగళూరులో అయితే హెల్మెట్లు పోయాయి, విడిభాగాలు ఊడబెరికారు, కొన్ని బళ్లు కాలవల్లో తేలాయి. అయినా అలవాటు మాత్రం పాతుకుంటోంది. అప్పుడే 2020 మార్చి వచ్చింది. లాక్‌డౌన్‌లో ఆఫీసులు మూతపడ్డాయి, ఇంకొకరు ముట్టిన హేండిల్ ముట్టాలంటేనే జనం భయపడ్డారు. ఆ దెబ్బ నుంచి ఆ వ్యాపారం తేరుకోలేకపోయింది. బౌన్స్ 2021 డిసెంబరులో సొంతంగా బ్యాటరీ స్కూటరు తయారుచేసి అమ్మకానికి పెట్టింది. వోగోని 2022లో చలో అనే బస్సుల యాప్ సంస్థ కొనేసింది. వ్యాపారంలో ఇలాంటివి మామూలే అనుకోవచ్చు. కానీ ఆ బళ్లను నమ్ముకుని, సొంత బండి కొనకుండా ఆగినవాళ్ల మాటేమిటి? ఒకసారి అలా దిగబడ్డవాడు రెండోసారి కంతుల మీద సొంత బండే కొంటాడు. అది మోజు కాదు, రేపటికి జాగ్రత్త పడటం.

ఇప్పుడు పెద్ద నగరాల్లో ఎక్కువగా కనిపించేది యులు లాంటి చిన్న బ్యాటరీ బండి. బెంగళూరులో 2017లో మొదలైన సంస్థ అది. 2019లో బజాజ్ ఆటో అందులో పెట్టుబడి పెట్టింది. ఈ బళ్ల వెనక ఒక నిబంధన ఉంది. దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే తల్లిదండ్రులకి ఇది తెలిసి తీరాలి. మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉన్న బ్యాటరీ బండిని మన చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. అందుకని దానికి రిజిస్ట్రేషన్ లేదు, నడిపేవాడికి లైసెన్సు అక్కర్లేదు, మోటారు వాహనాలకు తప్పనిసరైన బీమా కూడా వర్తించదు. కుర్రకారుకి ఇది వరంలా కనిపిస్తుంది. లైసెన్సు కోసం తిరిగే పని లేదు కదా! నాకు మాత్రం ఇందులో సగం సౌకర్యం, సగం ప్రమాదం కనిపిస్తున్నాయి. కాలనీ రోడ్ల మీద ఆ వేగం చాలు. జాతీయ రహదారి మీద, లారీల మధ్య, పాతిక కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న బండి అంటే నా గుండె దడదడలాడుతుంది. చట్టం అడగకపోయినా ఆ బండి మీద హెల్మెట్ పెట్టుకోవాలి. తల నేలకి తగిలినప్పుడు బండి ఎన్ని వాట్లదో నేలకి తెలియదు.

రోజు అద్దెకు తీసుకునే బళ్ల గురించి కూడా ఒక మాట. మన విశాఖలో రైల్వే స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్సు చుట్టుపక్కల ఆధార్, లైసెన్సు చూపిస్తే బండి అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. సెలవు రోజు భీమిలి దాకా బీచ్ రోడ్డులో తిరిగి రావడానికి పిల్లలు అక్కడే తీసుకుంటారు. తీసుకునే ముందు నంబరు పలక చూడండి. అద్దెకి అనుమతి ఉన్న పెట్రోలు బండికి నల్ల పలక మీద పసుపు అక్షరాలుంటాయి. బ్యాటరీ బండి అయితే ఆకుపచ్చ పలక మీద పసుపు అక్షరాలు. తెల్ల పలక ఉంటే అది సొంత వాడకానికి రిజిస్టరు చేయించిన బండి. దాన్ని అద్దెకి తిప్పుతూ ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ వస్తుంది, ఆ పేచీలో ఇరుక్కునేది నడిపిన పిల్లాడు.

బయటి దేశాల్లో ఏం జరిగిందో తెలుసుకుంటే మనకి పనికొస్తుంది. పారిస్ నగరంలో నిలబడి నడిపే అద్దె స్కూటర్లు, కాలి కింద పలకతో ఉంటాయి చూడండి, అవి పదిహేను వేల దాకా తిరిగేవి. కాలిబాటల మీద అడ్డదిడ్డంగా పడేస్తున్నారని, ముసలివాళ్లు నడవలేకపోతున్నారని గొడవ పెరిగింది. 2023 ఏప్రిల్ 2న నగరం వాటి మీద ఓటింగ్ పెట్టింది. ఓటు వేసినవాళ్లలో 89 శాతం వద్దన్నారు. ఆ ఆగస్టు ముగిసేసరికి స్కూటర్లు వీధుల్లోంచి మాయమయ్యాయి. మరి ఓటు వేసినవాళ్లు ఎంతమంది? జాబితాలో ఉన్నవాళ్లలో ఎనిమిది శాతం కూడా లేరు. స్వయంగా వెళ్లి వేయాల్సిన ఓటు అది. ఎక్కువగా నడిపే కుర్రకారు పెద్దగా వెళ్లలేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి రోజూ పారిస్ వచ్చి పని చేసుకునేవాళ్లకి ఓటే లేదు. కాలిబాట మీద నడిచేవాళ్ల బాధ నిజమైనదే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ బండి అవసరమున్నవాళ్ల మాట లెక్కలోకి రాకుండానే బండి భవిష్యత్తు తేలిపోయింది.

ఇక మన విశాఖకే ప్రత్యేకమైన సంగతులు కొన్ని ఉన్నాయి. ఇది కొండల ఊరు. బల్లపరుపు బెంగళూరు కాలనీలో పరుగెత్తే చిన్న మోటారు, మధురవాడ ఐటీ కొండ ఎక్కేటప్పుడు రొప్పుతుంది. ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. బీచ్ రోడ్డు పక్క ఇళ్ల కిటికీ ఊచలు చూస్తే తెలుస్తుంది, ఆరుబయట నిలబెట్టిన బండి గతి ఏమవుతుందో. పెద్దవాళ్లు ఇంకో మాట అంటారు: హుద్‌హుద్ వస్తే? 2014 అక్టోబరు 12న ఆ తుపాను కొట్టాక రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన ఊరు ఇది. ఊరంతా బ్యాటరీ బళ్లైతే అలాంటి వారం ఎలా గడుస్తుందని వాళ్ల ప్రశ్న. ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. అయితే పెట్రోలు బంకులో పంపు తిరగాలన్నా కరెంటే కావాలి కదా. బ్యాటరీలు మార్చే కేంద్రాలకి విడిగా కరెంటు ఏర్పాటు ఉండాలని ఒప్పందంలోనే రాయించాలి.

బ్యాటరీ భయం ఇంకొకటి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ రాత్రిపూట ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీ పరీక్షల నిబంధనలు గట్టిచేసింది. అయినా చాలా ఇళ్లల్లో ఆ భయం పోలేదు. హాస్టల్ యజమానులైతే గదిలో బ్యాటరీ ఛార్జింగ్ పెట్టనివ్వరు. మూడో అంతస్తులో ఉండే పిల్లాడు కింద ఉన్న బండికి ఛార్జింగ్ ఎలా పెడతాడు? సొంత బ్యాటరీ స్కూటరు కొనాలనుకునే కుర్రకారుకి ఇదే పెద్ద అడ్డంకి. అద్దె బండికి ఆ తలనొప్పి లేదు. బ్యాటరీ మార్చే పని సంస్థది. నాకు తెలిసిన పిల్లల్లో అద్దె బండి వైపు మొగ్గినవాళ్లని మొగ్గించింది పర్యావరణం కన్నా ఈ సంగతే.

పర్యావరణం మాట వచ్చింది కాబట్టి అదీ చూద్దాం. విశాఖ గాలి సంగతి రేవు దగ్గర, ఉక్కు ఫ్యాక్టరీ చుట్టూ ఉండేవాళ్లకి చెప్పనక్కర్లేదు. బట్టలు ఆరేస్తే నల్లటి దుమ్ము పడుతుంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన గాలి శుద్ధి కార్యక్రమంలో విశాఖపట్నం పేరూ ఉంది. వీధిలో పొగ వదలని బండి ఈ ఊరికి మేలే. అయితే ఆ బండికి ఎక్కే కరెంటులో పరవాడ సింహాద్రి కేంద్రంలో బొగ్గు మండించి తీసినదీ ఉంటుంది, అది మరచిపోకూడదు. 2019లోనే అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అక్కడి అద్దె స్కూటర్ల లెక్క తీశారు. వాటి వల్ల కలిగే కాలుష్యంలో చాలా భాగం కరెంటుది కాదని తేలింది. బండి తయారీది, రోజూ వాటిని పోగుచేసి మళ్లీ తెచ్చి పెట్టే వాహనాలది. అంటే బండి ఎన్నేళ్లు మన్నుతుందన్నదే అసలు లెక్క. రెండేళ్లలో తుప్పు పట్టి మూలపడితే దాని వల్ల గాలికి ఒరిగేది తక్కువ. ఇలాంటి బండి ఊరబావి చేద లాంటిది. అందరూ తోడుకుంటారు, తాడు తెగితే కొత్తది కట్టే మనిషి ఎవరో ఊరికి ముందే తెలిసి ఉండాలి.

ఇంతసేపూ చదువుకునే పిల్లల గురించి, ఆఫీసు ఉద్యోగుల గురించి మాట్లాడాను. పెద్ద నగరాల్లో ఈ బళ్లు ఇప్పుడు ఎక్కువగా తిరుగుతున్నది డెలివరీ కుర్రాళ్ల చేతుల్లో. వారానికింతని అద్దె కట్టి తీసుకుంటారు. మన ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఇంటరో డిగ్రీయో ఆపేసి వెళ్లిన గుంటలు వాళ్లలో ఎంతమందో. బండి కొనే స్తోమత లేదు, లైసెన్సు లేదు, అప్పిచ్చేవాడు లేడు. అయినా మర్నాటికల్లా పని దొరికిందంటే ఈ అద్దె బండి పుణ్యమే. వాళ్లలో ఎవర్ని అడిగినా బండి మంచిదనే అంటారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, ఒంట్లో బాగులేక రెండు రోజులు పడుకున్నా వారం అద్దె ఆగదని చెబుతారు. అద్దెలో సెలవు రోజు అన్నది ఉండాలి. డెలివరీ సంస్థలూ బండి సంస్థలూ కలిసి కూర్చుంటే ఇది చేయలేని పని కాదు. వాళ్ల కష్టం మీద నడిచే వ్యాపారం వాళ్ల జ్వరాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం అన్యాయమని నేను గట్టిగా అంటాను.

మరి ఏం చేయాలి? అద్దె స్కూటరుని బస్సుకి తోడుగా పెట్టాలి, పోటీగా కాదు. ముందుగా ఎండాడలో, కార్‌షెడ్ జంక్షన్‌లో, హనుమంతవాకలో, బస్సు ఆగే చోటికి పక్కనే, దీపం కింద, గీత గీసిన స్థలంలో. పొద్దున ఆ బండి పైకి వెళ్తుంది, సాయంత్రం కిందకి దిగుతుంది, హైవే ఎక్కాల్సిన పని లేదు. డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో ఒప్పందంలో రాయాలి. ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడే మనిషి ఉండాలి. బళ్ల బాగోగులు చూసే పనికి ఆ చుట్టుపక్కల మహిళా సంఘాలను పిలవొచ్చు. 2025లో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా, బైక్ టాక్సీ సంస్థ రాపిడోతో కలిసి పట్టణాల్లో సంఘాల మహిళలకి బ్యాటరీ బైకులు, ఆటోలు ఇప్పించింది. ఆ దారి ఉండనే ఉంది.

మా పద్మనాభం వైపు మాత్రం నేను అద్దె స్కూటరు అడగను. తగరపువలస నుంచి మా ఊరికి చీకటి పడ్డాక, వీధి దీపాలు లేని దారిలో, పాతిక కిలోమీటర్ల వేగంతో ఒంటరిగా పిల్లని రమ్మని ఎలా అంటాం? అటు మాకు బస్సే కావాలి. సాయంత్రం కాలేజీలు, ఆఫీసులు వదిలాక ఇంకో ట్రిప్పు కావాలి. భోగాపురం విమానాశ్రయం పనులతో ఆ చుట్టుపక్కల ఉద్యోగాలు పెరిగితే అది ఇంకా ఎక్కువ కావాలి. కొత్త బండి వచ్చిందని పాత బస్సు తగ్గిస్తే మా పిల్లలు రెండూ పోగొట్టుకుంటారు.

పారిస్‌లో ఓటు లేనివాళ్ల సంగతి ఇందాక చెప్పాను. మా పంచాయతీలు విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో లేవు. పట్నం రోడ్ల మీద ఏ బండి తిరగాలో, ఎక్కడ నిలపాలో తేల్చే కార్పొరేటర్లకి మా పిల్లలు ఓటర్లు కారు. విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ పరిధి మాత్రం మా మండలాన్ని దాటి ఉంటుంది. కాబట్టి ఆ సంస్థనే అడుగుతున్నాను. ఇలాంటి సేవ తేవాలనుకున్నప్పుడు అభిప్రాయ సేకరణ సిరిపురంలోని తన ఆఫీసులో పెట్టి ఊరుకోవద్దు. ఒక అధికారి పొద్దున ఏడు గంటలకి తగరపువలసలో బస్సెక్కి, ఎండాడలో ఆ పిల్లలతో పాటే దిగి, గీతం గేటు దాకా వాళ్లతో నడవాలి. సాయంత్రం మళ్లీ వాళ్లతోనే రావాలి. అడగాల్సినవాళ్లందరూ ఆ బస్సులోనే ఉంటారు.